ఉప్పాడ ఒడ్డున ఇల్లు: గోడ కోసం ఆగాలా, ముందే జరిగిపోవాలా?

తమ్ముడూ, నీ ప్రశ్న నిన్న రాత్రే చదివా, రెండు ముక్కలు రాసి వదిలెయ్యాలనిపించలేదు, అందుకే ఇవాళ తీరిగ్గా కూర్చుని రాస్తున్నా. నువ్వు అడిగింది ఇదీ: నువ్వు హైదరాబాద్‌లో ఉద్యోగం, అమ్మా నాన్నా కాకినాడ పక్కన ఉప్పాడ దగ్గర పేటలో ఉంటున్నారు, ఇంటికీ సముద్రానికీ మధ్య ఇప్పుడు నలభై గజాలు కూడా లేదు. సముద్రానికి అడ్డంగా గోడ కడతారంటున్నారు, వస్తే ఇల్లు నిలుస్తుందా, ఈలోగా ఆరు లక్షలు లోన్ తీసి స్లాబ్ వేయించి ఇంటి ముందు బండరాళ్ళు పోయించాలా, లేకపోతే లోపలికి మారిపోవాలా, నాన్నేమో కదలనంటున్నారు.

నేను ముప్పై ఏళ్ళ పైన హార్బర్ పనుల్లో, తీరం సర్వేల్లో గడిపినవాణ్ణి, ఉప్పాడ బీచ్ రోడ్డు మీద ఎన్నిసార్లు తిరిగానో లెక్కలేదు. కాబట్టి ముందు జవాబు చెప్పేసి తర్వాత ఎందుకో చెప్తా. లోన్ తీసి ఆ ఇంటి మీద పెట్టొద్దు. ఇంటి ముందు సొంతంగా రాళ్ళు పోయించొద్దు. ఆ డబ్బుతో లోపల స్థలం చూడు, ఇల్లు ఇంకా నిలబడి ఉండగానే కాగితాలన్నీ సిద్ధం చేసుకో. గోడ వస్తే మంచిదే, ఎదిరించమని చెప్పను, కానీ గోడొస్తుందన్న మాట మీద మాత్రం అమ్మానాన్నల్ని అక్కడ ఉంచొద్దు.

ఎందుకంటే అక్కడ జరుగుతున్నది చాలామంది అనుకున్నట్టు సముద్రం మీదకి రావడం ఒక్కటే కాదు. సముద్ర మట్టం పెరుగుతోంది, నిజమే, హిందూ మహాసముద్రం ఉత్తర భాగంలో 1993 నుంచి 2017 దాకా ఏడాదికి సుమారు 3.3 మిల్లీమీటర్ల చొప్పున పెరిగిందని కేంద్ర ప్రభుత్వ అంచనాలోనే ఉంది. అంటే ముప్పై ఏళ్ళకి ఒక జానెడు కూడా కాదు. మీ పేటలో మీ నాన్న చూస్తుండగానే వీధులకి వీధులు పోయాయంటే దానికి ఆ జానెడు లెక్క సరిపోదు. అసలు కారణం ఇసుక. తీరం అనేది కదలని నేల కాదు, రోజూ ఇసుక వస్తుంటుంది, పోతుంటుంది. మన తూర్పు తీరంలో నైరుతి రుతుపవనాల నెలల్లో కెరటాలు దక్షిణం నుంచి ఏటవాలుగా కొట్టి ఇసుకని ఉత్తరం వైపు తోసుకుపోతాయి, ఈశాన్య గాలుల కాలంలో కొంత వెనక్కి తెస్తాయి, మొత్తం లెక్క తీస్తే ఉత్తరం వైపు వెళ్ళేదే చాలా ఎక్కువ. అంటే మీ పేట ముందున్న ఇసుక ప్రతి ఏడాదీ ఉత్తరానికి పోవాల్సిందే, దాని బదులు దక్షిణం నుంచి కొత్త ఇసుక రావాలి. వచ్చినంత కాలం ఒడ్డు ఉంటుంది, రాకపోతే ఒడ్డు తనని తానే తినేస్తుంది.

మరి ఎందుకు రావట్లేదంటే, ఉప్పాడకి దక్షిణంగా ఉన్నది గోదావరి. ఈ తీరానికి ఇసుక పెట్టింది ఆ నదే. 1970ల్లో ఏటా దాదాపు 15 కోట్ల టన్నుల మట్టీ ఇసుకా మోసుకొచ్చేది, 1990ల్లో 6 కోట్ల టన్నుల లోపుకి పడిపోయిందని ఆంధ్రా యూనివర్సిటీ వాళ్ళ పరిశోధనల్లో తేలింది. పైన జాయక్వాడీ, శ్రీరాంసాగర్ ఇంకా ఎన్నో ఆనకట్టలు, ప్రతి రిజర్వాయరూ నీళ్ళతో పాటు మట్టిని కూడా ఆపేస్తుంది. పొలాలకి నీళ్ళిచ్చిన ఆ ఆనకట్టల్ని నేను తప్పు పట్టను, మా నాన్న ఆ కాలవ నీళ్ళ మీదే వరి పండించాడు. కానీ కాలవ చివర పచ్చగా ఉన్నందుకు నది సముద్రంలో కలిసే మొగ దగ్గర ఎవరో మూల్యం చెల్లిస్తున్నారన్న సంగతి ఏ ప్రాజెక్టు రిపోర్టులోనూ నాకు కనబడలేదు.

రెండోది హోప్ ఐలాండ్. కాకినాడ నుంచి చూస్తే ఎదురుగా పొడవాటి ఇసుక మేట కనబడుతుంది కదా, పదహారు కిలోమీటర్ల దాకా ఉంటుంది, అది గోదావరి తెచ్చిన ఇసుకతో గత రెండొందల ఏళ్ళలో ఉత్తరం వైపు పెరుగుతూ వచ్చింది. కాకినాడకి అది రక్ష, దాని చాటున ఉండబట్టే పోర్టు ప్రశాంతంగా ఉంటుంది. ఉప్పాడ మాత్రం ఆ చాటుకి అవతల పడింది. ఉత్తరానికి రావాల్సిన ఇసుక చాలావరకు ఆ మేట కొస దగ్గరే ఆగిపోతుంది, పైగా కొస చుట్టూ తిరిగొచ్చే కెరటాలు ఉప్పాడ ముందే గుమిగూడి కొడతాయి. దానికి తోడు పోర్టుకి ఓడలు రావడానికి తవ్విన ఛానెల్, ఆ గోతిలోకి దొర్లిన ఇసుక అవతలి గట్టు ఎక్కదు. అందుకే మీ ఊళ్ళో పెద్దాళ్ళని ఒడ్డు ఎక్కడుండేదని అడిగితే బోట్లు లంగరేసిన వైపు చెయ్యి చూపిస్తారు, వాళ్ళు ఎక్కువ చేసి చెప్పట్లేదు.

ఈ తిప్పలు ఉప్పాడ ఒక్కదానివే కావు. 1990 నుంచి 2018 దాకా ఉపగ్రహ చిత్రాలు పెట్టి జాతీయ తీర పరిశోధన కేంద్రం చూస్తే దేశం తీరంలో మూడో వంతు కోతకి గురవుతోంది, ఆంధ్రలో 28 శాతం పైనే.

ఇప్పుడు గోడ సంగతి. నువ్వు ఎప్పుడైనా కెరటం వెనక్కి పోయేటప్పుడు తడిలో నిలబడి చూశావు కదా, కాళ్ళ కింద ఇసుక జారిపోయి మడమలు దిగబడతాయి. గోడకీ అదే జరుగుతుంది. మామూలు ఒడ్డు మీద కెరటం పైకి పాకి, బలం పోగొట్టుకుని, మెల్లిగా దిగుతుంది. రాతి గోడకి కొడితే బలం పోదు, అదే జోరుతో వెనక్కి తిరిగి గోడ కాళ్ళ దగ్గర ఇసుకని లాక్కుపోతుంది, ముందు లోతు పెరుగుతుంది, లోతు పెరిగితే తర్వాతి కెరటం ఇంకా పెద్దదిగా వచ్చి పడుతుంది, కొన్నేళ్ళకి రాళ్ళు ఒక్కొక్కటీ ముందుకి దొర్లి ఇసుకలో కూరుకుపోతాయి. ఉప్పాడలో 2010 ప్రాంతంలో వేసిన జియో ట్యూబ్ గోడ నీకు గుర్తుండే ఉంటుంది, పెద్ద పెద్ద గుడ్డ గొట్టాల్లోకి ఇసుకా నీళ్ళూ పంపు చేసి నింపి మీద రాళ్ళు పేర్చారు. కొంతకాలం రోడ్డుని కాపాడింది, ఆ మాట ఒప్పుకోవాలి. తర్వాత తుఫాను మీద తుఫాను వచ్చేసరికి రాళ్ళు జారాయి, గొట్టాలు చిరిగాయి, ఇప్పుడు ప్రతి తుఫానుకీ ఆ బీచ్ రోడ్డు మూసేస్తూనే ఉన్నారు.

ఇంకో సంగతి, నేను మనసులో మోస్తున్నది. ఉద్యోగంలో చేరిన కొత్తల్లో ఒక మత్స్యకారుల పేట ముందు రాతి గోడకి సర్వే చేశాను, ఊరి పేరు చెప్పను. గోడ ఆ పేట హద్దు దగ్గర ఆగిపోయింది, ఎందుకంటే శాంక్షన్ అంతవరకే. డ్రాయింగ్ మీద నా సంతకం కూడా ఉంది. గోడ వెనక ఇళ్ళు నిలిచాయి, జనం సంతోషించారు. తర్వాత ఏడాది వానాకాలం వెళ్ళాక ఉత్తరం పక్కనున్న పేట వాళ్ళు ఆఫీసుకొచ్చారు, గోడ ఆగిన చోటి నుంచి వాళ్ళ వైపు రెండు వరసల ఇళ్ళు పోయాయి. ఒక పెద్దాయన నన్ను అడిగింది ఒకటే, "బాబూ, మా ఇసుక ఎటెళ్ళింది?" అని. ఎటెళ్ళిందో నాకు తెలుసు, అది గోడ వెనక ఇరుక్కుపోయింది, అటు దక్షిణం నుంచి వాళ్ళకి రావాల్సింది రాలేదు. ఆయనకి ఆ రోజు జవాబు చెప్పలేకపోయాను. అప్పట్నుంచీ ఎవరు గోడ అన్నా నేను ముందు అడిగేది గోడ ఎక్కడ ఆగుతుంది, ఆగిన చోట ఎవరుంటారు అని.

చెన్నైలో ఇదే కథ వందేళ్ళకి పైగా నడుస్తోంది, 1870ల్లో హార్బర్ మొదలెట్టాక దక్షిణాన ఇసుక మేట వేసి మెరీనా అంత వెడల్పైంది, ఉత్తరాన రాయపురం కోసుకుపోయింది, రాయపురానికి రాళ్ళు వేస్తే కోత ఎన్నూరు వైపు జరిగింది. కాబట్టి మీ పేటకి గోడొచ్చిందంటే ఉత్తరాన ఉన్న కోనపాపపేట వాళ్ళకి, ఇంకా పైవాళ్ళకి ఏం చేస్తారని కూడా అడగండి. వాళ్ళు పరాయివాళ్ళేం కాదు కదా, అక్కా చెల్లెళ్ళని ఇచ్చి పుచ్చుకున్న ఊళ్ళే.

అయితే ఇంక ఏమీ చెయ్యలేమా అంటే చెయ్యొచ్చు, ఇసుక రాకపోతే ఇసుక తెచ్చి పొయ్యాలి. విశాఖలో చేస్తున్నదదే. 1970ల్లో ఔటర్ హార్బర్ గోడలు కట్టాక ఉత్తరానికి ఇసుక ఆగిపోయి ఆర్.కె. బీచ్ కోసుకుపోతుంటే, గోడకి దక్షిణాన ఆగిన ఇసుకని డ్రెడ్జర్‌తో తోడి బీచ్ మీదకి పంపు చేస్తున్నారు. అది ఒకసారి చేసి ఊరుకునే పని కాదు, మానకుండా ప్రతి ఏటా చెయ్యాలి, విశాఖలో కూడా ఆలస్యమైన ఏడాది ఒడ్డు సన్నబడిపోతుంది. పుదుచ్చేరిలో 1980ల చివర్లో హార్బర్ కట్టాక ఊరి ముందున్న బీచ్ మొత్తం పోయి రాళ్ళ గుట్టలే మిగిలాయి, ఒక తరం పిల్లలు ఇసుక చూడకుండా పెరిగారు. 2018 ప్రాంతంలో చెన్నైలోని జాతీయ సముద్ర సాంకేతిక సంస్థ వాళ్ళు నీళ్ళలో మునిగి ఉండే దిబ్బ లాంటిది ఒకటి కట్టి, దాంతో పాటు ఇసుక పోస్తే బీచ్ మళ్ళీ వచ్చింది. కాకినాడ ఛానెల్‌లో డ్రెడ్జింగ్ ఎలాగూ చేస్తారు, తోడిన దాంట్లో పనికొచ్చే ఇసుక ఉంటే ఉప్పాడ ఒడ్డుకి వెయ్యమని అడగడం న్యాయమైన మాట, మన మీటింగుల్లో గోడ పేరు వినబడినంత గట్టిగా ఇసుక పేరు వినబడటం లేదు. ఇంకో కారణం కూడా ఉంది, మీ నాన్నకి ఇది బాగా తెలుస్తుంది, గోడ ఉంటే ఒడ్డు మీద నిలబడి లాగే అలివి వలకి ఒడ్డు ఉండదు, ఫైబర్ బోటు ఎక్కించుకోవడానికి జాగా ఉండదు. ఇల్లు మిగిలి పని పోతే ఆ ఇంట్లో ఉండి ఏం చేస్తారు.

ఇవన్నీ ఊరంతా కలిసి అడగాల్సినవి, టైం పడతాయి. నీ ఇంటి లెక్క వేరు, దానికి నువ్వే కొలవాలి. పద్ధతి సులువు. ఇంటి మూల నుంచి కోత అంచు దాకా, అంటే ఒడ్డు నిట్టనిలువుగా తెగి ఉంటుంది చూడు అక్కడి దాకా, టేపు పట్టి మీటర్లలో రాసుకో. గుడి గోడో బోరింగో, కదలనిది ఇంకోటి చూసుకుని దాన్నించి కూడా కొలువు. ప్రతి ఏటా ఒకే నెలలో కొలవాలి, ఎందుకంటే అక్టోబర్ నుంచి డిసెంబర్ దాకా తుఫానులు ఒడ్డుని కోస్తాయి, ఫిబ్రవరి నుంచి మే లోపు కొంత ఇసుక తిరిగొస్తుంది, డిసెంబర్‌లో కొలిచి మేలో కొలిస్తే ఒడ్డు పెరిగిందని మోసపోతావు. పాతవి లేవని దిగులుపడకు, గూగుల్ ఎర్త్‌లో పాత ఏళ్ళ ఫొటోలు వెనక్కి వెళ్ళి చూడొచ్చు, మీ ఇంటి కప్పు కనిపెట్టి పదేళ్ళ క్రితం ఎంత దూరం ఉందో, ఇప్పుడెంతో గీత గీసి చూస్తే ఏడాదికి ఎంత పోతోందో వస్తుంది. ఉదాహరణకి నీకు 35 మీటర్లు ఉంది, ఏడాదికి 2 మీటర్లు పోతోంది అనుకో, పదిహేడేళ్ళు ఉందిలే అనుకోవద్దు. ఒక గట్టి తుఫాను పున్నమి పోటుతో కలిసొస్తే ఒక్క రాత్రిలో పది పదిహేను మీటర్లు తీసుకుపోవడం నేను కళ్ళారా చూశాను. అందుకని ముందే 15 తీసి పక్కన పెట్టు. మిగిలింది 20, అంటే పదేళ్ళు, అదీ అన్నీ బాగుంటే. నా లెక్కలో అయిదేళ్ళ లోపు వచ్చిందంటే ఆ ఇంట్లో వర్షాకాలం నిద్రపోకూడదు.

స్లాబ్ ఎందుకు వద్దన్నానంటే సముద్రం ఇంటిని తోసి పడెయ్యదు, పునాది కింద ఇసుకని తీసేస్తుంది, అప్పుడు ఇల్లు తన బరువుకి తనే ఒరుగుతుంది. పైన బరువు పెంచితే అదింకా ముందే జరుగుతుంది. సముద్రం వైపు మూలలో పగులు, సెప్టిక్ ట్యాంక్ బయటపడటం, గచ్చు కింద తడితే డొల్లగా మోగడం, ఈ మూడింట్లో ఏదొకటి కనబడితే ఆ రోజే ఖాళీ చెయ్యాలి. సొంతంగా రాళ్ళు పోయిస్తే ఆ రాళ్ళ రెండు చివరలా కోత ఎక్కువై పక్కింటి వాళ్ళకి ముందు తగులుతుంది, తర్వాత వెనక నుంచి నీకూ వస్తుంది. ఇంటి ముందు ఇసుక తవ్వి బస్తాల్లో నింపేవాళ్ళని కూడా చూశాను, దయచేసి ఆ పని మాత్రం ఎవరినీ చెయ్యనివ్వకు.

ఇక డబ్బు విషయం, ఇక్కడే ఎక్కువమంది దెబ్బతింటారు. మన దేశంలో విపత్తు సాయానికి కేంద్రం నోటిఫై చేసిన లిస్టులో తుఫాను ఉంది, వరద ఉంది, సునామీ ఉంది, తీరం కోత లేదు. 2022-26 నిబంధనల ప్రకారం తుఫానుకి పూర్తిగా కూలిన ఇంటికి మైదాన ప్రాంతంలో 1.20 లక్షలు అని ఉంది, కోతకి మెల్లిగా పోయిన ఇల్లు ఆ లెక్కలోకి రాదు, రాష్ట్రం తన నిధిలో 10 శాతం దాకా సొంతంగా గుర్తించిన విపత్తులకి వాడుకోవచ్చు, అది రాష్ట్రం ఇష్టం. ఇన్సూరెన్స్ కూడా అంతే, భారత్ గృహ రక్ష పాలసీలో తుఫాను, వరద నష్టం కవరవుతుంది, కానీ నేల కుంగడం అనే క్లాజులో తీరం కోత, నది కోత వల్ల అయితే ఇవ్వమని స్పష్టంగా రాసి ఉంటుంది. అందుకని నిజంగా తుఫాను రోజునే గోడ కూలితే ఆ రోజే ఫొటోలు తీసి, వీఆర్వోని పిలిపించి, పంచనామాలో తుఫాను పేరు, తేదీ పడేలా చూసుకోవాలి. నెల తర్వాత వచ్చి రాస్తే "సముద్రపు కోత వల్ల" అని ఒక్క ముక్క పడుతుంది, ఆ ముక్కతో అంతా పోతుంది. పట్టా, ఇంటి పన్ను రసీదులు, కరెంటు బిల్లులు, ఆధార్‌లో ఆ అడ్రసు, అన్నీ స్కాన్ చేసి నీ దగ్గర ఉంచుకో. ఇల్లు పోయాక ఇక్కడ ఇల్లుండేదని నిరూపించడం ఎంత కష్టమో ఆ మనుషుల మొహాల్లో చూశాను.

పునరావాసానికి అసలు డబ్బే లేదనుకోకు. 15వ ఆర్థిక సంఘం 2021-26కి కోత నివారణకి 1,500 కోట్లు, కోతకి ఇళ్ళు పోయిన వాళ్ళ పునరావాసానికి 1,000 కోట్లు దేశం మొత్తానికి సిఫార్సు చేసింది, ఆ లెక్క 2026 మార్చి దాకానే, ఆ తర్వాత ఏది నడుస్తోందో కలెక్టరేట్‌లో అడిగి చూసుకోండి. సోమవారం కలెక్టరేట్‌లో ఇచ్చే అర్జీలో ఈ మాట పేరు పెట్టి రాయండి, ఒక్కో ఇల్లు విడిగా కాకుండా వరస మొత్తం సంతకాలు పెట్టి, ప్రతి ఇంటి దూరం మీటర్లలో వేసి ఇవ్వండి. అంకెలున్న అర్జీని పక్కన పడెయ్యడం ఆఫీసర్‌కి కష్టం, నేను ఆ కుర్చీల పక్కన కూర్చున్నవాణ్ణే కాబట్టి చెప్తున్నా. స్థలం అడిగేటప్పుడు ఒడ్డుకి నడిచి వెళ్ళేంత దూరంలో అడగండి. ఒడిశాలో సతభాయా అని ఏడు ఊళ్ళ గుంపు ఉండేది, చాలావరకు సముద్రంలో కలిసిపోయాయి, మిగిలిన అయిదొందల పైన కుటుంబాల్ని 2018లో పన్నెండు కిలోమీటర్ల దూరంలో బాగపతియాలో పెట్టారు. ప్రాణాలు దక్కాయి, మంచిదే, కానీ అంత దూరం వెళ్ళాక పాత బతుకు తెరువు చేతిలో ఉండదు. మన వాళ్ళకైతే బోటు ఉన్నచోటుకి తెల్లారగట్ల మూడింటికి నడిచి చేరాలి, దానికి మించి దూరమైతే ఎవరూ ఉండరు.

నువ్వే సొంతంగా కొనేటట్టయితే ఒక జాగ్రత్త, 2019 సీఆర్‌జెడ్, అంటే తీర ప్రాంత నియంత్రణ నిబంధనల్లో పల్లెల్లో పోటు గీత నుంచి, జనసాంద్రత చదరపు కిలోమీటరుకి 2,161 దాటిన ఊళ్ళలో 50 మీటర్లు, మిగతా వాటిలో 200 మీటర్లు కొత్త కట్టడాలకి నిషేధం ఉంది, మత్స్యకారులకి కొన్ని సడలింపులు ఉన్నాయి. తహసీల్దార్ ఆఫీసులో తీర ప్రాంత మ్యాపు చూపించమని అడిగి ఆ సర్వే నంబర్ ఎక్కడ పడుతుందో చూసుకుని అప్పుడు అడ్వాన్స్ ఇవ్వు. చౌకగా వస్తోందని ఒడ్డుకి ఒక వీధి వెనక కొన్నవాళ్ళు ఇప్పుడు మొదటి వరసలో ఉన్నారు.

నాన్న సంగతి చివరికి పెట్టా, నువ్వు ఎక్కువ బాధపడుతున్నది దాని గురించేనని తెలుసు. "అక్కడుంటే చచ్చిపోతావు" అని ఫోన్‌లో చెప్తే ఏ తండ్రీ కదలడు, ఆయన ఆ నీళ్ళ మీద యాభై ఏళ్ళు బతికాడు. ఇల్లు వదలమని అడగకు, రాత్రి నిద్ర, అమ్మ, బీరువా, కాగితాలు, ఇవి మాత్రం లోపలికి జరుపుదాం అను. వలలు, ఇంజిన్, ఐస్ పెట్టెలు ఒడ్డునే తాటాకు పాకలో ఉండనీ, వలలు బాగుచేసుకోడానికి, చేపలు ఎండబెట్టుకోడానికి ఒడ్డున జాగా సీఆర్‌జెడ్ కూడా ఒప్పుకుంటుంది. పొద్దున్నే వెళ్ళి కూర్చుంటాడు, సాయంత్రం వస్తాడు, అలా ఒక వానాకాలం గడిస్తే మెల్లిగా అలవాటవుతుంది. నాకు తెలిసిన రెండు మూడు ఇళ్ళలో ఇలాగే జరిగింది.

ఈసారి ఇంటికి వెళ్ళినప్పుడు యాభై మీటర్ల టేపు ఒకటి కొనుక్కెళ్ళు, ఒక కొస నాన్న చేతికివ్వు. ఒడ్డు ఏ ఏడు ఎక్కడుండేదో, ఏ తుఫానుకి ఎంత పోయిందో ఆయనకి గూగుల్ కన్నా బాగా తెలుసు, చెప్తుంటే పక్కనే రాసుకో. ఆ అంకెలూ, ఇంటి నాలుగు వైపుల ఫొటోలూ ఇక్కడ పెట్టు, ఎన్నేళ్ళు చేతిలో ఉన్నాయో నేను కూర్చుని లెక్క వేసి చెప్తా, అర్జీ కూడా కలిసి రాద్దాం.